మన గ్రౌండ్లల్ల ఆడేటోళ్ళు మస్తుగున్నరు, నేర్పేటోళ్ళే లేరు

కొంచెం పెద్ద పోస్టే, ఓపికతో చదవండి.

మా హాస్టల్‌లో ఫుట్‌బాల్ ముచ్చట మొదలైతే రాత్రి పన్నెండు దాటుతది. మెస్సీ ఎన్ని గోల్స్ కొట్టిండు, రొనాల్డో ఎన్ని కొట్టిండు, అన్నీ నోటికి వస్తయి. ఆ టీమ్‌కి కోచ్ ఎవరని అడిగితే మాత్రం ఒకరి మొఖం ఒకరం చూసుకుంటం. అసలు మన హైదరాబాద్‌ని దేశంలనే పెద్ద లీగ్‌లో చాంపియన్ చేసిన కోచ్ ఎవరో మాలో సగం మందికి తెల్వదు. అందుకే ఈ పోస్ట్ రాస్తున్నం.

ఆయన పేరు మనోలో మార్కెజ్. స్పెయిన్‌ల బార్సిలోనా ఆయన ఊరు. ఆటగాడిగా ఆయనకి పెద్ద పేరేం లేదు. అక్కడి కింది డివిజన్లలో ఆడి, ఆ కింది డివిజన్లలోనే ఏండ్లకేండ్లు కోచింగ్ చేసుకుంట పైకొచ్చిండు. 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చేసరికి ఆ టీమ్ అంతకు ముందు సీజన్‌ల అందరికంటే అట్టడుగున ఉన్నది. ఆయన ఏం చేసిండంటే, పేరున్నోళ్ళ కోసం చూడకుండా పిల్లలని నమ్మిండు. ఆకాశ్ మిశ్రాకి అప్పటికి 18 ఏండ్లు. అసోం బోడో పిలగాడు హాలిచరణ్ నార్జరీ, మన లెక్కనే ట్రైబల్, ఆ టీమ్‌లనే ఆడిండు. మొదటి సీజన్ ఐదో ప్లేసు. రెండో సీజన్, 2022 మార్చి 20, గోవాల ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందున్నది, 88వ నిమిషంల సాహిల్ తవోరా సమం చేసిండు. పెనాల్టీలల్ల గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. కప్పు హైదరాబాద్‌ది. కరోనా వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలనే జరిగినయి, అందుకే మన ఊరి గ్రౌండ్‌ల కూసొని చూసే అవకాశం మనోళ్ళకి రాలే. ఈ ఊరికి ఆ కప్పు మీద మమకారం పెరగకపోవడానికి అదొక కారణం కావొచ్చని మాకు అనిపిస్తది.

తర్వాత కథ మీకు తెలిసిందే. ఆయన 2023ల గోవా టీమ్‌కి పోయిండు, ఆ తర్వాత ఇండియా టీమ్ కోచ్ అయ్యి, ఒక్క మ్యాచ్ మాత్రమే గెలిచి 2025ల దిగిపోయిండు. హైదరాబాద్ ఎఫ్‌సీ పైసల్లేక కుదేలైంది, చేతులు మారింది, ఆఖరికి ఢిల్లీకి తరలిపోయింది. అంటే ఒక కోచ్‌ని బయటి నుంచి తెచ్చుకుంటే కప్పు వస్తది, ఆయన పోతే ఏం మిగలదు. ఆ మూడు సీజన్లల్ల ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్న మన తెలుగు పిలగాండ్లు పదిమంది ఉంటే కథ వేరే ఉండేది కదా?

ఇక్కడ కొందరు అన్నలు అంటరు: కోచ్ కావాలంటే ముందుగాల పెద్ద ప్లేయర్ కావాలె కదా అని. మనోలోని చూసినంక ఆ మాట నిలబడదు. పెద్ద ప్లేయర్ల సంగతి కూడా చూడండి. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ షాబీ అలోన్సో 2010 వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌ల ఉన్నడు. 2017ల ఆట ఆపేసినంక ఆయన పోయి ఏం చేసిండు? రియల్ మాడ్రిడ్‌ల 14 ఏండ్ల లోపు పిలగాండ్లకి కోచింగ్. తర్వాత మూడేండ్లు సొంతూరి వైపు రియల్ సొసైదాద్ బి టీమ్. 2022 అక్టోబర్‌ల జర్మనీలో లెవర్‌కూసెన్ పిలిచేటప్పటికి ఆ టీమ్ పట్టికల కింద నుంచి రెండోది. 2023-24ల అదే టీమ్ 34 లీగ్ మ్యాచ్‌లు ఆడి ఒక్కటి కూడా ఓడకుండా టైటిల్ కొట్టింది, 28 గెలుపులు, 6 డ్రాలు. వరల్డ్ కప్ ముట్టుకున్నోడే పిలగాండ్లకి కోన్లు పెట్టుడు దగ్గర మొదలుపెట్టిండంటే, మనం పీఈటీ సార్‌ని చూసి చిన్నచూపుగా నవ్వుడేంది?

నిజానికి స్పెయిన్ దాకా పోయే పని లేదు. ఈ పాఠం మన జంట నగరాలు 70 ఏండ్ల కిందనే చెప్పినయి.

సయ్యద్ అబ్దుల్ రహీమ్, అందరూ రహీమ్ సాబ్ అంటరు. బడి పంతులు. 1909ల పుట్టిండు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులల్ల పాఠాలు చెప్పిన మనిషి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఆ టీమ్ రోవర్స్ కప్‌ని వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఇండియా ఆయన చేతుల 1951 ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్ తెచ్చింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌ల మనోళ్ళు చాలామంది బూట్లు లేకుండ ఆడి యుగోస్లావియా చేతిల 10-1తో ఓడిపోయిన్రు. అంత దెబ్బ తిన్నంక ఇంకొకరైతే మూల కూసుందురు. 1956 మెల్‌బోర్న్‌ల అదే దేశం నాలుగో ప్లేసుకి వచ్చింది. 1962 జకార్తాల, ఒంట్ల క్యాన్సర్ పెట్టుకొని, రహీమ్ సాబ్ మళ్ళా గోల్డ్ తెచ్చిండు. 1963 జూన్‌ల చనిపోయిండు. ఆయన మీద మైదాన్ అని హిందీ సినిమా కూడా 2024ల వచ్చింది. మనం సినిమా చూసి స్టేటస్ పెట్టినం, అంతే.

ఇంక బలరామ్ ముచ్చట. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ దిక్కు రైల్ ఎక్కేటోళ్ళకి అమ్ముగూడ స్టేషన్ తెలుసు, బొల్లారం రాకముందు వస్తది. తులసీదాస్ బలరామ్ ఆ అమ్ముగూడల బీద తమిళ కుటుంబంల పుట్టిండు, 1936ల. కంటోన్మెంట్ గల్లీలల్ల ఆడేటోడు. బలరామ్‌ని పట్టుకున్నది రహీమ్ సాబే. అక్కడి నుంచి ప్రాక్టీస్‌కి వచ్చిపోయే ఖర్చు లేదంటే అది కూడా రహీమ్ సాబే చూసుకున్నడని పాత ఆటగాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ పిలగాడే 1956ల, 1960ల ఒలింపిక్స్ ఆడిండు. రోమ్‌ల హంగేరీ మీద గోల్, పెరూ మీద గోల్. 1962 గోల్డ్ టీమ్‌ల ఉన్నడు, అర్జున అవార్డు అందుకున్నడు. ఊపిరితిత్తుల జబ్బుతోని 27 ఏండ్లకే ఆట బంద్ అయింది. అప్పుడు ఏం చేసిండు? బెంగాల్‌ల పిలగాండ్లకి నేర్పుడు మొదలుపెట్టిండు. కోల్‌కతా దగ్గరనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిల కన్ను మూసిండు. అమ్ముగూడల పుట్టిన మనిషి నేర్పిన ఆట బెంగాల్ పిలగాండ్లకి అందింది, మనకి అందలే. దాంట్ల ఆయన తప్పేం లేదు, ఈడ పిలిచినోళ్ళు లేరు.

ఇప్పుడు మన సంగతి.

తండాల, గూడేలల్ల దమ్మున్న పిలగాండ్లు లేరా? నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా టీమ్‌ల ఆడుతున్నది. 2024-25కి దేశంల బెస్ట్ మహిళా ప్లేయర్ అవార్డు ఆమెదే. ఆమె అంత దూరం పోవాలంటే ఎవరో ఒకరు చిన్నప్పుడే చూసి, గ్రౌండ్‌కి తోల్కపోయి, ఇంట్ల అమ్మానాయనలతో మాట్లాడి ఉండాలె కదా. అట్ల చూసేటోళ్ళు లేని తండాలు ఎన్ని? మాలో ఒకడు ఇంటర్‌ల ఉన్నప్పుడు ఒక సెలక్షన్‌కి పోవాల్సి ఉండె. కబురు ముందురోజు రాత్రి వచ్చింది. ఊరి నుంచి పొద్దుగాల బస్సు తొమ్మిదింటికి, సెలక్షన్ ఏడింటికి. వాడు ఇప్పుడు గ్రూప్-4 పుస్తకాలు చదువుతున్నడు. చదువుడు మంచిదే. కానీ వాని ఎడమ కాలి షాట్ చూసినోళ్ళకి తెలుస్తది ఏం పోయిందో. తండాల ఒక్క కోచ్ ఉంటే ఆ డేట్ నెల ముందే తెల్సుండేది.

మేము అనేది సూటిగా ఇది. దసరాకి, సంక్రాంతికి మనం చందాలేసి టోర్నమెంట్లు పెడ్తం. షీల్డులు, ఫ్లెక్సీలు, డీజే, ఫస్ట్ ప్రైజ్. పెద్ద మనుషుల ఫొటోలు ఫ్లెక్సీ మీద బంతి కంటే పెద్దగ ఉంటయి (కోపానికి రాకండి అన్నా, ఉన్నమాటే). తెల్లారితే గ్రౌండ్‌ల గొడ్లు మేస్తయి. ఆ చందాల నుంచి కొంత తీసి ఏడాదికి ఇద్దరిని కోచింగ్ కోర్సుకి పంపుదాం. ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ లైసెన్స్‌లు డి నుంచి మొదలైతయి, తర్వాత సి, బి, ఎ, ప్రో. డి దగ్గర మొదలుపెట్టేటోళ్ళకి ఫీజు, బస్సు, తిండి ఖర్చు గ్రూప్ పెట్టుకోవాలె. తిరిగి వచ్చినంక వాళ్ళు రెండేండ్లు వారంల రెండు రోజులు తండా గ్రౌండ్‌ల నేర్పాలె. అదే షరతు.

దీంట్ల పైసలు వస్తయా అని అడిగేటోళ్ళకి అబద్ధం చెప్పం. మొదట్ల రావు. డి లైసెన్స్‌తో ఇల్లు గడవదు. డిగ్రీ చేసుకుంటనే, బీపీఈడీ చేసుకుంటనే ఇది పక్కకి పెట్టుకోవాలె. ఇంట్ల ఎట్లాగూ "ఆటలాడి ఏం సంపాదిస్తవ్ బిడ్డా" అని అంటరు. మా అమ్మానాయనలు కూడా అంటరు. కూలి చేసి చదివిస్తున్నోళ్ళు అనడంల తప్పేముంది? వాళ్ళకి జవాబు చెప్పాల్సింది ఆ పిలగాడు ఒక్కడే కాదు, ఖర్చు గ్రూప్ మోస్తున్నదని మనమందరం కలిసి పోయి చెప్పాలె.

ఇంకొక మాట. రహీమ్ సాబ్ పిలగాండ్లకి వాటం లేని కాలుతో మాత్రమే ఆడే పోటీలు పెట్టేటోడు, బంతి ఎవరూ ఎక్కువసేపు దగ్గర పెట్టుకోకుండ పాస్‌లతోనే ఆడే పోటీలు పెట్టేటోడు. దానికి టర్ఫ్ అక్కర్లే, ఫ్లడ్ లైట్లు అక్కర్లే. ఒక బంతి, ఒక విజిల్, ఒక మనిషి చాలు. ఈ ఎండాకాలం సెలవులల్ల ఊరికి పోయినప్పుడు మేము నలుగురం మా తండాల ఇదే పెడ్తున్నం, పన్నెండేండ్ల లోపు పిలగాండ్లకి, వారం రోజులు.

కోర్సుకి పోయే ఇద్దరి పేర్లు దసరా లోపల గ్రూప్‌ల తేల్చుకుందాం. అందుల ఒకరు ఖచ్చితంగ ఆడపిల్ల ఉండాలె. పెద్ద ప్లేయర్ కావాల్సిన పని లేదు, పొద్దున్నే ఆరింటికి గ్రౌండ్‌కి వచ్చేటోళ్ళు ఎవరో మీకే తెలుసు, వాళ్ళ పేరే రాయండి.