కిన్నెర మెట్లు - మన చప్పట్లు

గత ఏడాది మన వార్షికోత్సవంలో 'భీమ్లా నాయక్' పాట పెట్టగానే హాలంతా ఈలలు. నేనూ వేశాను. మొదట్లో వినిపించే ఆ గొంతు ఎవరిదని పక్కనున్న మిత్రుణ్ణి అడిగితే, "ఎవరో పల్లెటూరాయన" అన్నాడు. ఆ 'ఎవరో' మన పాలమూరు బిడ్డే! పేరు దర్శనం మొగులయ్య. ఊరు లింగాల మండలం అవుసలికుంట, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా.

ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు దండె, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనం, తీగలు. ఇంతే సరంజామా. తీగ ఒక్కటే మోగితే గది దాటదు. బుర్రలోని గాలి దానితోపాటు కంపిస్తేనే నలుగురికి వినబడుతుంది. ఇది మనం ఫిజిక్సులో చదివిందే. కళాకారుడి సంగతీ అంతే. వెనక ఊరు ఉండాలి.

ఆ ఊరు ఏమయింది? డక్కలి కళాకారులు మాదిగ ఇండ్లను ఆశ్రయించి బతికినవారు. అంటే మా ఇండ్లనే. కల్లాలప్పుడు కిన్నెరాయన వచ్చి పండుగ సాయన్న కథ పాడితే, మా తాత చాటెడు జొన్నలు పోసేవాడట. "అది బిచ్చం గాదు బిడ్డా, వాళ్ళ హక్కు" అంటాడు మా నాయన. ఇవాళ మా చేన్లోకి కోత మిషను వస్తుంది. గింజలు అట్నుంచి అటే మార్కెట్టుకు పోతాయి. కల్లమూ లేదు, కిన్నెరాయనా రాడు. మిషను తప్పని నేననను. మా నాయన నడుము నొప్పి నాకు తెలుసు. కాని ఆ చాటెడు గింజల స్థానంలో మనం ఏం పెట్టాం?

2022లో మొగులయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. ఆ బిరుదుతో పైకమేమీ రాదు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మేలో ఆయన హైదరాబాదు శివార్లలో, తుర్కయంజాల్ దగ్గర, కూలి పని చేస్తున్నారని పత్రికలు రాశాయి. నెలనెలా వచ్చే 10,000 రూపాయలు ఆగిపోయాయని ఆయన చెప్పారు. "మరి కోటి ఏంజేసిండు?" అని హాస్టల్లో వాదించినవాళ్ళున్నారు. పిల్లల పెళ్ళిళ్ళకు, ఇంటి పనికి ఖర్చయిందని ఆయనే చెప్పారు. మన ఇండ్లల్లో డబ్బు పోయేదీ ఆ రెంటికే గదా!

ఒక్కసారి ఇచ్చే కోటి కంటే ఏటేటా పిలిచి పాడించుకునే పది ఊళ్ళు కళను ఎక్కువ కాలం నిలబెడతాయని నా అభిప్రాయం. మిత్రులారా, మన యూనియన్ ఏటా ఆర్కెస్ట్రాకు డబ్బు పోస్తుంది. వచ్చే ఏడు అందులో సగం తీసి ఒక కిన్నెర కళాకారుణ్ణి పిలుద్దాం. శాలువా ఒక్కటే కప్పి పంపొద్దు, కూలి కట్టి ఇద్దాం. కథ మొత్తం రికార్డు చేసి గ్రంథాలయంలో ఉంచుదాం. నేర్చుకుంటాననే విద్యార్థి ఒక్కడు దొరికినా చాలు.

ఈలలు వేయడం మనకు బాగానే వచ్చు. చాటెడు గింజలు పోయడం మళ్ళీ నేర్చుకోవాలి.