వినుట యెట్లు?

మన యిండ్లలో మాటలాడువారికి కొదవ లేదు, వినువారికే కొదవ. ఎదుటివారి మాట సగము నోటనుండగనే తక్కిన సగమును మనమే పూరించి, దానికి బదులు గూడ సిద్ధపఱచుకొందుము.

కిష్కింధాకాండమున హనుమంతుడు భిక్షురూపమున వచ్చి పలుకరించిన ఘట్టమును సోదరీమణులు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. రాముడు భార్యను గోలుపోయి యడవుల దిరుగుచున్న దుఃఖితుడు. వచ్చినవాడు మిత్రుడో శత్రువో తెలియదు. అయినను తొందరపడి మాటకు మాట చెప్పలేదు. మీరేల బదులు పలుకరని హనుమంతుడే యడుగవలసి వచ్చినది! అంతయు విన్న పిమ్మట రాముడు లక్ష్మణునితో ఆ పలుకుల తీరునేకాక, పలుకునపుడు ముఖము, కన్నులు, కనుబొమలు ఎట్లున్నవో గూడ జెప్పెను. వినుట యన నది.

ఇక మన సంగతి. అత్తవారింటినుండి యనుకొనని వేళ వచ్చిన కూతురు "ఏమియు లేదమ్మా" యనును. తల్లి వెంటనే "ఎట్లో సర్దుకొని పోవలెను" అనియైనను, "వారికంత పొగరా!" అనియైనను పలుకును. రెండింటికిని ఫల మొక్కటే. పిల్ల నోరు మూసికొనును.

మొదటినాడు ప్రశ్నలు వలదు. ఎదురుగ గూర్చుండి ముఖములోనికి జూచుటకంటె, చిక్కుడుకాయల యీనెలు దీయుచు ప్రక్కన గూర్చుండుట మేలు. ఆమె నడుమ నాగినచో ఆ మౌనమును మన మాటతో నింపరాదు. ముగిసిన పిదప, "నీవు చెప్పిన దిదియేనా?" యని ఆమె మాటలతోనే తిరిగి యడుగవలెను. బృహదారణ్యకమున మైత్రేయి, భర్త చెప్పిన దొకటి తన్ను కలవరపెట్టినదని నిస్సంకోచముగ జెప్పినది. తెలిసినట్లు తల యూపలేదు. మనకును అర్థము కానిచోట అట్లనుటలో సిగ్గేల?

కొట్టుటయో బెదరించుటయో యున్నదని తెలిసినచో మాత్రము ఒక్క దినమైనను ఆగరాదు. గృహహింసనుండి స్త్రీలను గాపాడుటకై 2005లో జేసిన చట్టము 2006 అక్టోబరు 26 నుండి యమలులో నున్నది. కాపురమున్న యింటిపై తనకు స్వామ్యము లేకున్నను అందు నివసించు హక్కు ఆ చట్టమువలన గలదు. 181 సంఖ్యకు ఫోను చేసినచో సహాయము దొరకును.

అట్టి దేమియు లేనపుడే కష్టము. బంధువులు, ఇరుగుపొరుగులు "ఏమి నిశ్చయించితిరి?" యని ప్రాణము తీయుదురు. "ఇంకను తెలియదు" అను నుత్తరము వారికి రుచింపదు. ఇంటి మగవారికి అసలే రుచింపదు. ఏదో యొకటి తేల్చి, ఆ సాయంకాలమే పిల్లను బండి యెక్కింప జూతురు. తేలనిదానిని తేలనట్లే కొన్నాళ్లుంచుటకు వంటయింటివారికే యోపిక యుండవలెను.

మే మెఱిగిన యొక తల్లికి తొమ్మిది దినములు పట్టినది. ప్రతి యుదయము కాఫీ కలిపి యిచ్చి ప్రక్కన గూర్చుండెడిది. తుదకు పిల్ల చెప్పినది అల్లునిపై నేరము కాదు. పరీక్షకు గట్టకుండ ఆగిపోయిన చదువు సంగతి. అల్లునికి కబురు పంపిరి. అతడు వచ్చి, ఆ సాంతము విని, ఆలోచించెద ననెను. ఇంకను ఆలోచించుచునే యున్నాడట.