ముందు పరీక్ష... తర్వాతే పర్సు!

డాలస్ చుట్టుపక్కల నిర్మాణ పనులు చేసుకునే మనవాళ్లకు పికప్ ట్రక్కు షోకు కాదు, కూడు. తెల్లారేసరికి సైటులో ఉండాలి. వెనకాల నిచ్చెన, రంపం, కాంప్రెసర్, నీళ్ల కూలర్ ఉండాలి. మేముండే కాపెల్‌నే చూడండి. పక్కనే డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం, చుట్టూ 121, 635, 35 హైవేలు. ఈ ఊరు 1989లోనే డార్ట్ ప్రజారవాణా సంస్థ నుంచి తప్పుకుంది. 2025 అక్టోబరులో సిల్వర్ లైన్ రైలు మొదలై పక్కనే సైప్రస్ వాటర్స్ దగ్గర ఆగుతోంది, సంతోషమే. కానీ రంపం భుజాన వేసుకుని రైలెక్కి పనికి పోయేదెవరు? బండి కదలకపోతే ఆ రోజు కూలి లేనట్టే. ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బులో అంత కోత పడ్డట్టే.

అందుకే పాత ట్రక్కు ఇంజిన్‌కి మిస్సింగ్ వచ్చినప్పుడు మనవాళ్లు చేసే రెండు పనుల గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. మొదటిది, ‘పోనిద్దాం లే, శనివారం చూద్దాం’ అని అలాగే తోలడం. రెండోది, భయపడి షాపుకి పరిగెత్తి, వాళ్లు చెప్పిన సామానంతా మార్పించేయడం. రెండూ ఖరీదైన అలవాట్లే. పరీక్ష చేసి తేల్చుకోకుండా ఒక్క సామానుకూ డబ్బు పెట్టకూడదన్నది మా గట్టి అభిప్రాయం. సైటులో గోడ బీటలు వారితే వెంటనే గోడ పడగొట్టం కదా! పునాది కుంగిందా, నీరు చేరిందా, సిమెంటు పాలు తగ్గిందా అని చూస్తాం. ఆ బుద్ధి బండి దగ్గరకి వచ్చేసరికి ఎందుకు పోతుంది?

మిస్సింగ్ అంటే ఏమిటి?

ప్రతి సిలిండర్‌కీ మూడు కావాలి. సమయానికి నిప్పురవ్వ, తగినంత పెట్రోలు, నొక్కుకుపోయిన గాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ఆ సిలిండర్ మండదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఏడు సిలిండర్లు పనిచేస్తుంటే ఎనిమిదోది ఊరికే తిరుగుతుంది. అందుకే ఆ వణుకు, లాగలేకపోవడం, పెట్రోలు వాసన.

నిలబడి ఉన్న బండి ఇంజిన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండర్ నిమిషానికి 300 సార్లు, అంటే సెకనుకి ఐదు సార్లు మండాలి. మండిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్‌కి చిన్న తోపు తగులుతుంది. ఆ తోపు ఎప్పుడు తగ్గిందో సెన్సార్ ద్వారా బండిలోని కంప్యూటర్ లెక్కపెడుతుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లలో, చిన్న ట్రక్కుల్లో ఓబీడీ-2 అనే ఈ పద్ధతి తప్పనిసరి చేశారు. డ్యాష్‌బోర్డు కింద ఉండే ప్లగ్గు దానిదే.

మన విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు అంబాసిడర్ కార్ల కాలంలో ఈ పని చెవితో చేసేవారు. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకేవారు. ఏ వైరు పీకినా ఇంజిన్ శబ్దం మారాలి. మారలేదంటే చచ్చిన సిలిండర్ అదే. ఆ తెలివికి దండం పెట్టాలి. కానీ ఆ పద్ధతి ఇక్కడ వాడొద్దు. ఇప్పటి కాయిల్స్‌లో వేల వోల్టుల కరెంటు ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్ మీద పీకితే షాక్ కొడుతుంది, మంచి కాయిల్ కూడా పోతుంది. పద్ధతి మారినా వెనకున్న ఆలోచన అదే. ముందు ఏ సిలిండరో కనుక్కో, తర్వాత ఎందుకో కనుక్కో.

లైటు వెలిగితే ఒకటి, మిణుకుమంటే ఒకటి

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే కొంచెం వ్యవధి ఉన్నట్టు. నెమ్మదిగా ఇంటికి చేరి తొందరగా చూపించుకోవచ్చు. అదే లైటు ఆగి ఆగి మిణుకుమంటుంటే మాత్రం బండి పక్కకు తీసి ఆపేయండి. వెనక ట్రెయిలర్ ఉంటే మరీను. సిలిండర్‌లో మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి కేటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ కరిగిపోతుంది. కొన్ని పదుల డాలర్లతో పోయే కాయిల్ రోగం వందల డాలర్లకి, ఒక్కోసారి వేలకి పాకేది ఇక్కడే. ‘ఇంకో పది మైళ్లే కదన్నా’ అనే తమ్ముళ్లకి మేము చెప్పేది ఒకటే. ఆ పది మైళ్ల టోయింగ్ ఖర్చు కన్వర్టర్ ఖర్చు ముందు ఏ మూలకి?

కోడ్ చెప్పేది సగమే

ఆటోజోన్ లాంటి సామాన్ల షాపుల్లో కోడ్ ఉచితంగానే చదివి చెబుతారు. చిన్న స్కానర్ కొనుక్కున్నా పెద్ద ఖర్చు కాదు. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0308 అంటే ఎనిమిదోది. పి0300 అంటే ఫలానా ఒక్కటని కాదు, అక్కడక్కడా తప్పుతోందని. కోడ్ చెప్పేది ఇంతే. అది సిలిండర్ పేరు చెప్పింది గానీ సామాను పేరు చెప్పలేదు. పి0303 రాగానే ‘మూడో కాయిల్ పోయింది’ అనడం జ్వరం రాగానే టైఫాయిడ్ అనడం లాంటిదే.

కోడ్ చెరిపేముందు దానితోపాటు దాచి ఉంచిన వివరాలు కూడా చూసి కాగితం మీద రాసుకోవాలి. ఎంత వేగంలో వచ్చింది, ఇంజిన్ వేడెక్కిందా, బరువు లాగుతోందా అన్నవి అందులో ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడే వస్తుందా, బరువు లాగేటప్పుడే వస్తుందా, వాన పడ్డ మర్నాడే వస్తుందా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. సిలిండర్ల లెక్క అన్ని కంపెనీలకీ ఒకటి కాదు. ఫోర్డ్ వీ-8లో ప్రయాణికుడి వైపు ముందు నుంచి వెనక్కి 1, 2, 3, 4. డ్రైవర్ వైపు 5, 6, 7, 8. షెవీ సిల్వరాడో వీ-8లో డ్రైవర్ వైపు 1, 3, 5, 7. అటువైపు 2, 4, 6, 8. ఇది తెలియక ఒక బండి లెక్కని ఇంకో బండికి వేసి, బాగున్న సిలిండర్ విప్పేవాళ్లున్నారు.

మార్చి చూడటమే అసలు పరీక్ష

మూడో సిలిండర్ మీద కోడ్ వచ్చిందనుకోండి. ఇంజిన్ చల్లారాక, ఆపి ఉంచి, మూడో కాయిల్ తీసి ఐదో దానిలో పెట్టండి. ఐదోది మూడోదాంట్లో పెట్టండి. కోడ్ చెరిపి బండి తోలండి. ఇప్పుడు పి0305 వస్తే కాయిల్ దొంగ దొరికినట్టే. మళ్లీ పి0303యే వస్తే కాయిల్ నిర్దోషి, దానికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఖర్చు సున్నా.

తర్వాత ప్లగ్గు. తీసి చూస్తే అదే కథ చెబుతుంది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ. నూనె తడి ఉంటే ఇంజిన్ నూనె లోపలికి దిగుతోంది. పింగాణీ చిట్లి ఉంటే నిప్పురవ్వ పక్కదారి పడుతోంది. ప్లగ్గు గుంతలో నీళ్లుంటే, ఇంజిన్ కడిగిన నీళ్లో, వాన నీళ్లో, కూలెంటో తేల్చుకోవాలి. ప్లగ్గూ బాగుంటే ఇంజెక్టర్. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన దానిమీద ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ వినిపించాలి. అన్నిటికీ వినిపించి ఒకదానికి వినిపించకపోతే అనుమానం అక్కడ. అది కూడా తేలకపోతే కంప్రెషన్ గేజి. డిపాజిట్ కడితే ఇలాంటి పనిముట్లు అరువిచ్చే షాపులున్నాయి. అన్నిటికన్నా తక్కువ చూపే సిలిండర్, ఎక్కువ చూపేదానిలో ముప్పావు వంతన్నా ఉండాలన్నది మేస్త్రీల లెక్క. అంతకన్నా తక్కువైతే వాల్వో, రింగులో పోయినట్టు. అప్పుడు ఎన్ని కాయిల్స్ మార్చినా బూడిదలో పోసిన పన్నీరే.

మాతో పనిచేసే ఓ తమ్ముడి సంగతి చెప్పాలి. అతని పాత ట్రక్కు వణుకుతుంటే ఒక షాపులో ఎనిమిది కాయిల్స్, ఎనిమిది ప్లగ్గులు మార్చారు. బిల్లు పద్నాలుగు వందల డాలర్లు. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు. మూడో రోజున మళ్లీ అదే వణుకు. మొదటి రోజు కోడ్ కాగితం తీసి చూస్తే పి0300తో పాటు పి0171, పి0174 కూడా ఉన్నాయి. ఆ రెండూ ఇంజిన్‌కి రెండు వైపులా గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదని చెప్పేవి. అన్ని కాయిల్స్ ఒకేసారి చావవు, రెండు వైపులా ఒకేలా చావవు. వెతికితే ఇంజిన్ వెనకాల గాలి గొట్టపు రబ్బరు మలుపు ఎండకి పగిలి ఉంది. ఆ రబ్బరు ముక్క వెల పన్నెండు డాలర్లు. షాపువాళ్లు మోసం చేశారని మేము అనం. కాగితం మీద ఉన్నది చదవలేదు, అంతే. చదవమని అడిగేవాడూ లేకపోయాడు.

బండి జాతకం తెలుసుకోండి

పాత బండ్లకి వంశపారంపర్యం లాంటి రోగాలుంటాయి. 2004 నుంచి 2008 దాకా వచ్చిన ఎఫ్-150లో 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజిన్ ప్లగ్గులు రెండు ముక్కల తయారీ. చివర మసి పట్టి బిగుసుకుపోయి, విప్పేటప్పుడు లోపలే విరిగిపోతాయి. వేడి ఇంజిన్ మీద, తొందరలో విప్పొద్దు. కొద్దిగా వదులు చేసి, మసి కరిగే ద్రవం పోసి నాననిచ్చి, అప్పుడు మెల్లగా తీయాలి. చేతకాదనుకుంటే అలవాటున్న మెకానిక్‌కే ఇవ్వండి, ఇందులో చిన్నతనం లేదు. ఇక 2007 నుంచి వచ్చిన 5.3 లీటర్ల సిల్వరాడోల్లో చాలావాటికి పెట్రోలు ఆదా కోసం నాలుగు సిలిండర్లు ఆపేసే ఏర్పాటుంది. ఆ ఏర్పాటున్న 1, 4, 6, 7 సిలిండర్ల లిఫ్టర్లు పాడయ్యే రోగం పేరుమోసింది. కోడ్ ఆ నాలుగింట్లో ఒకదానిమీద వచ్చి, ఇంజిన్‌లో టకటక శబ్దం కూడా ఉంటే కాయిల్స్ కొనే ముందు రెండుసార్లు ఆలోచించండి.

కోడ్ చెరిపితే రోగం పోదు

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేశారు. కమర్షియల్ బండ్లకి అలాగే ఉంది. దీన్ని పట్టుకుని ‘ఇక ఏ పరీక్షా లేదు’ అనుకునేవాళ్లున్నారు. డాలస్, డెంటన్, టారంట్, కాలిన్ కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. రెండు నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న పెట్రోలు బండ్లన్నిటికీ అది తప్పదు, లేకుంటే రిజిస్ట్రేషన్ కాదు. ముందురోజు రాత్రి కోడ్ చెరిపేసి పోదామంటే కుదరదు. చెరపగానే కంప్యూటర్ తన లోపలి పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. 2001, ఆ తర్వాతి మోడల్ అయితే ఒక్కటి తప్ప అన్నీ పూర్తయి ఉండాలి. లేకపోతే వెనక్కి పంపుతారు.

పరీక్షకి డబ్బు కట్టడం దండగ కాదు

‘పన్నెండు గంటలు పనిచేసి వచ్చాక ఇవన్నీ ఎక్కడ చేస్తామన్నా?’ అంటారు. న్యాయమే. అందరూ మెకానిక్‌లు కానక్కర్లేదు. కానీ షాపుకి పోతే అడగడం తెలియాలి. ఇక్కడ మనవాళ్లది ఒక వింత బేరం. సామానుకి వెయ్యి డాలర్లు మారుమాట లేకుండా ఇస్తాం. రోగం కనుక్కోవడానికి నూట యాభై అడిగితే ‘ఊరికే చూసినందుకా?’ అని గొణుగుతాం. ఉచితంగా చూసే షాపు తన కూలిని సామాను అమ్మకంలోనే రాబట్టుకోవాలి. నిజాయితీగా పరీక్షించే మేస్త్రీకి కూలి ఇచ్చేయడమే మనకు చవక. సైటులో ‘కొలతలు ఫ్రీగా తీసుకో, డబ్బు గోడకే ఇస్తా’ అంటే మనం ఒప్పుకుంటామా?

నాలుగు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. ఏ కోడ్‌లు వచ్చాయి, కాగితం ఇస్తారా? ఈ సామానే పోయిందని ఏ పరీక్షతో తేల్చారు? అంచనా రాసిస్తారా? తీసిన పాత సామాను చూపిస్తారా? ఇవి అడగడానికి పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు. అడిగిన మనిషిని షాపువాడు వేరేగా చూస్తాడు.

మన సంఘాలకూ ఒక మనవి. డాలస్‌లో టాంటెక్స్ లాంటి సంస్థలు ‘నెలనెలా తెలుగు వెన్నెల’ పేరుతో ఏళ్లుగా సాహిత్య సభలు జరుపుతున్నాయి. చాలా మంచి పని. ఏడాదికి రెండు ఆదివారాలు ఒక ఖాళీ పార్కింగ్ స్థలంలో బానెట్లు ఎత్తి, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి కోడ్ చదవడం, కాయిల్ మార్చి చూడటం నేర్పితే ఎంత బాగుంటుంది! సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లు కూడా రావచ్చు, తప్పు ఎక్కడుందో వెతకడం వాళ్ల వృత్తే కదా. ప్రతి అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఒక స్కానర్, ఒక నోటుపుస్తకం ఉంచుకున్నా చాలు. ఏ బండికి ఏ కోడ్ వచ్చింది, చివరికి ఏం తేలింది అని రాసుకుంటూ పోతే రెండేళ్లలో అదే మన ఆటోనగర్ అవుతుంది.