ఫోన్ పాఠాలకు ముందే సిద్ధపడదాం

ఆవకాయ ఎప్పుడు పెడతాం? ఎండలు మండుతున్నప్పుడే కదా! వానలు మొదలయ్యాక జాడీ కడిగి ఎండబెడదామంటే కుదురుతుందా? పిల్లల ఫోన్ చదువు సంగతీ అంతేనండీ. బడి మూతపడ్డ రోజున ఛార్జరు వెతుక్కుంటూ కూర్చుంటే ఈలోగా పాఠం సగం అయిపోతుంది.

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూసేసిన సంగతి మనమెవరం మరిచిపోలేదు. తెలంగాణలో ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. ఆంధ్రాలో సప్తగిరి ఛానల్లో వచ్చాయి. ప్రైవేటు బళ్ళు ఫోన్లలో క్లాసులు పెట్టాయి. పాఠమైతే ఇంట్లోకి వచ్చింది గానీ, దాన్ని అందుకునే పద్ధతి పిల్లలకూ తెలీదు, మనకూ తెలీదు. పాపం చాలామంది టీచర్లకూ అది కొత్తే. మళ్ళీ కరోనాయే రానక్కర్లేదు. 2024 నవంబరులో ఢిల్లీలో గాలి పాడైపోయి బడి పిల్లలకు ఇంటి దగ్గరే ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. అందుకే తీరిక ఉన్నప్పుడే నేర్పుకుందాం.

"మా వాడికి ఫోన్ గురించి నాకంటే ఎక్కువే తెలుసు" అని మురిసిపోతాం. ఆటలు ఆడటం, వీడియోలు జరపడం వేరు, చదువుకోవడానికి వాడటం వేరు. ఓ ఆదివారం ఈ పనులు చేయించి చూడండి. లింకు నొక్కి క్లాసులో చేరడం. మైకు ఆపి, టీచరు అడిగినప్పుడు మాత్రమే తెరవడం. హోంవర్క్‌ను కిటికీ పక్కన మంచి వెలుతురులో ఫొటోలు తీసి, పేజీలన్నీ వరసగా ఒకే పీడీఎఫ్‌గా చేయడం. దానికి తన పేరు, తరగతి, సబ్జెక్టు పెట్టి పంపడం. వీటిలో ఎన్ని వచ్చో మీకే తెలుస్తుంది.

పాఠ్యపుస్తకాల్లో నల్లచుక్కల చదరం ఒకటి ఉంటుంది, చూశారా? అదే క్యూఆర్ కోడ్. 2017లో కేంద్రం మొదలుపెట్టిన 'దీక్షా' యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. పైసా ఖర్చు లేదు, నెట్ ఉంటే చాలు. వీడియో నాణ్యత తగ్గించి పెట్టుకుంటే డేటా కూడా ఆదా అవుతుంది.

అలాగని పొద్దస్తమానం ఫోన్ ముందు కూర్చోబెట్టకూడదు. 2020 జులైలో కేంద్రం 'ప్రజ్ఞాత' పేరుతో కొన్ని సూచనలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు క్లాసులు, తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు మించకూడదు. ఒక్కో క్లాసు 30 నుంచి 45 నిమిషాలే. బడి వాళ్ళు అంతకంటే ఎక్కువ పెడితే అడగండి, తప్పేం లేదు.

పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించే కాదు, ఇవీ అడగాలి. బడి మూస్తే క్లాసులు ఏ టైముకి? అన్నకీ చెల్లికీ ఒకే టైములో పడితే ఎలా? పాఠం రికార్డు చేసి పంపుతారా? ఫోన్ లేని పిల్లల సంగతేమిటి? ఏడాదికో రోజు ఇంటి నుంచి క్లాసు జరిపి చూస్తే లోపాలన్నీ ముందే బయటపడతాయి కదా!

ఇప్పుడు అసలు మాట. ఇంట్లో ఫోన్ ఒకటే ఉంటే అది ఎవరి చేతికి వెళ్తుంది? మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్ల ఉండేది. ఫోనేమో తమ్ముడికి, గిన్నెలేమో ఆ పిల్లకి! "బడి లేదుగా, ఇంట్లోనే ఉన్నావుగా" అనేవాళ్ళు. బడి తెరిచేసరికి ఆ పిల్ల లెక్కల్లో వెనకబడి, ఇక వెళ్ళనని మొరాయించింది. ఎవరూ చదువు మాన్పించలేదు, అదే మానేసింది. మనిళ్ళలో అలా జరగనివ్వకూడదు. గోడకి ఒక కాగితం అంటించి ఎవరి వంతు ఎప్పుడో రాసిపెట్టండి. ఆడపిల్ల క్లాసు టైములో ఉప్పు తెమ్మని కూడా పిలవకండి. ఇంట్లో కూర్చున్నా అది బడిలో ఉన్నట్టే లెక్క.

ఇంకో జాగ్రత్త. ఓటీపీ, పాస్‌వర్డు ఎవరడిగినా చెప్పకూడదని పిల్లలకు నేర్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎవరైనా పాడు మాటలు, పాడు ఫొటోలు పంపితే భయపడకుండా ముందు అమ్మకు చెప్పేంత చనువు ఇవ్వండి. పిల్లల సహాయానికి 1098 ఉంది. అది కూడా గోడమీద కాగితంలోనే రాయండి.

"ఇవన్నీ మాకెక్కడ వస్తాయమ్మా" అనకండి. నేను ఇంటర్‌తో చదువు ఆపినదాన్నే. ఆ పీడీఎఫ్ చేయడం మా అమ్మాయి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అమ్మకు నేర్పుతుంటే ఆ పిల్ల ముఖంలో వెలుగు చూడాలి! ఈ ఆదివారం వంట త్వరగా ముగించుకుని మీరూ కూర్చోండి. ఏమంటారు?