మన నలుపు మీద ఎవరి సుంకం?

మా వాడల్లో పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు పిల్ల చదువు అడగకముందే రంగు అడుగుతారు. "పిల్ల ఎరుపేనా?" అంటారు. చామనచాయ అంటే మొహం చిట్లిస్తారు. నలుపంటే కట్నం పెంచమంటారు. 'నలుపు నారాయణుడు మెచ్చు' అని సామెత ఉండనే ఉంది. నారాయణుడు మెచ్చితే ఏం లాభం? పెళ్ళికొడుకు తండ్రి మెచ్చడే! ఇది దొరల ఇళ్ళ సంగతి కాదు, మన ఇళ్ళ సంగతే చెప్తున్నాం.

ఈ కొలత ఎవడు పెట్టాడు? ఎండలో పనిచేసే అవసరం లేనోడు పెట్టాడు. 16వ శతాబ్దంలో, మొదటి ఎలిజబెత్ రాణి రోజుల్లో, ఇంగ్లండు పెద్దింటి ఆడవాళ్ళు సీసంతో చేసిన తెల్లపిండి మొహానికి పూసుకునేవాళ్ళు. సీసం విషం. అయినా పూశారు. ఎందుకంటే కమిలిన మొహం పొలంలో వంగినోళ్ళది, తెల్లమొహం నీడపట్టున కూచున్నోళ్ళది. తర్వాత అక్కడి కూలిజనం పొలాలు వదిలి ఫ్యాక్టరీల్లో, గనుల్లో చేరి పాలిపోయారు. 1920ల నుంచి డబ్బున్నోళ్ళకు సముద్రం ఒడ్డున పడుకుని ఒళ్ళు కమిలించుకోవడం ఫ్యాషనైంది! రంగు తిరగబడింది గానీ, కొలతకర్ర పట్టుకున్న చెయ్యి మారలేదు.

మన దేశంలో ఆ చెయ్యి కులానిది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురకు ఏం రాసింది? శవాల మీది బట్టలు కట్టాలి, పగిలిన కుండల్లో తినాలి, ఇనుప నగలే పెట్టాలి. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు ఒంటి పైభాగం కప్పుకుంటే బట్టలు చింపారు. ఏళ్ళ తరబడి కొట్లాడితే 1859లో రాజు ఒప్పుకున్నాడు. అదీ పైకులాల ఆడవాళ్ళ లాగా కప్పుకోకూడదన్న షరతు మీద!

1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించిన బాబాసాహెబ్, అక్కడికొచ్చిన అక్కచెల్లెళ్ళతో మాట్లాడారు. అంటరానితనానికి గుర్తుగా మోసే నగలు తీసెయ్యండి, చీర నిండుగా కట్టండి అన్నారు. కాబట్టి సింగారం తప్పని మేం అనడం లేదు. మన పిల్ల పౌడరు రాసుకుని, పూలు పెట్టుకుని ఊరి నడిబజార్లో తలెత్తుకు నడిస్తే మాకు సంతోషమే. తన ఒంటిని తానే అసహ్యించుకుంటే మాత్రం ఒప్పుకోం.

కులానికి రంగు లేదు. అగ్రకులాల్లో నల్లోళ్ళున్నారు, మన వాడల్లో ఎర్రోళ్ళున్నారు. అయినా మనింట్లో బిడ్డ ఎర్రగా పుడితే "దొరబిడ్డ లెక్కుంది" అని మురుస్తాం. ఆ మురిపెంలో ఎంత లొంగుబాటుందో ఆలోచించారా?

ఈ లొంగుబాటునే కంపెనీలు సొమ్ము చేసుకున్నాయి. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. చిన్న పాకెట్లలో పల్లె కిరాణా కొట్టుదాకా చేరింది. నల్లపిల్లకు పెళ్ళి కాదు, నౌకరీ రాదు, పూస్తే రెండూ వస్తాయని టీవీలో చూపెట్టారు. 2020లో అమెరికాలో నల్లజాతి జనం పోరాటం రగిలాక ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. పేరైతే మారింది. పెళ్ళిచూపుల్లో ప్రశ్న మారిందా?

పేరూ ఊరూ లేని క్రీములు ఇంకా ప్రమాదం. కొన్నిట్లో పాదరసం కలుపుతారు. అది చర్మంలో నల్లరంగు తయారు కాకుండా ఆపుతుంది, అట్లే కిడ్నీలను తింటుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇట్లాంటి క్రీములు వాడినోళ్ళకు కిడ్నీ జబ్బులొచ్చినట్టు డాక్టర్లు బయటపెట్టారు. ఇంకొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట మొహం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి, మొటిమలు లేచి, ఎండ తగిలితే మండుతుంది. ఎండలో నాట్లేసే మనిషికి ఆ నల్లరంగే గొడుగు. గొడుగు చింపుకోవడానికి మన కూలి డబ్బులే పెడుతున్నాం!

అక్కలారా, తమ్ముళ్ళారా! తయారు చేసినోడి పేరు, కలిపిన సరుకుల వివరం లేని క్రీము కొనొద్దు. క్రీము వాడేవాళ్ళకు కాళ్ళు వాచినా, మూత్రం నురగ కట్టినా డబ్బా పట్టుకుని ఆస్పత్రికి పోండి. పిల్లల్ని "కర్రోడా, కర్రిదానా" అని పిలవడం ఈరోజే మానుదాం. సంఘంలో తిరిగే తమ్ముళ్ళకు ఒక్క మాట: సభలో మనువును తిట్టి, ఇంటికొచ్చి ఎర్రపిల్లే కావాలంటే మనువు మీ ఇంట్లోనే ఉన్నట్టు. ముందు అక్కణ్ణుంచి వెళ్ళగొట్టండి.

జై భీమ్!