బోరు బండి, సినిమా బండి

అనంతపురం మీద సినిమా అంటే మనవాళ్లు ఏం తీస్తారో చెప్పడానికి జాతకాలు అక్కర్లేదు. ఎండిన చెరువు, నెర్రెలిచ్చిన నేల, ఆకాశం కేసి చూసే ముసలాయన. లేదంటే కరువు ఊసే ఉండదు, ఎర్రమట్టి మీద సుమోలు లేస్తాయి. 1999లో సమరసింహారెడ్డి ఆడాక ఆ దుమ్ము చాలా ఏండ్లు అణగలేదు. ఈ మెట్టనేల మీద మనుషులు నవ్వుకుంటారని కూడా తెలుగు తెరకు ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చింది.

చెప్పినవాడు ప్రవీణ్ కండ్రేగుల. ఆయన మొదటి సినిమా ‘సినిమా బండి’ 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కథ జరిగేది ఆంధ్రా-కర్ణాటక సరిహద్దులోని గొల్లపల్లిలో. (పెనుకొండ దగ్గర కూడా ఒక గొల్లపల్లి ఉంది. హంద్రీ-నీవా నీళ్లు నిలిపే రిజర్వాయరుంది అక్కడ, ఆ నీళ్లతో నడిచే కియా కార్ల ఫ్యాక్టరీ పక్కనే ఉంది. కథలోది అంత అదృష్టం ఉన్న ఊరు కాదు.) ఆటో నడిపే వీరబాబుకు ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. చిన్న సినిమాలు కోట్లు తెస్తున్నాయని టీవీలో విని, మనమూ తీద్దామంటాడు. పెళ్లి ఫొటోలు తీసే గణపతి కెమెరామన్. కటింగ్ షాపు మరిడయ్య ‘మరిడేశ్ బాబు’గా మారి హీరో అవుతాడు. ఊరి పెద్దాయన ఎప్పుడో రాసుకున్నదే కథ. మొదటి హీరోయిన్ చేజారిపోతే, కూరగాయలమ్మే మంగను పట్టుకొస్తారు.

వీరబాబుకు కావలసింది పేరు కాదు. సినిమా ఆడితే డబ్బొస్తుంది, ఊరు బాగుపడుతుంది, అంతే. ఎంత అమాయకుడో అనిపిస్తుంది బయటివాళ్లకు. నాకు అనిపించలేదు. దేశంలో జైసల్మేరు తర్వాత వాన తక్కువ పడే జిల్లాగా పేరుపడ్డ చోట, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లరను నమ్మి శెనక్కాయ విత్తేవాడి లెక్క కూడా ఇదే. పంట పోతే బోరు. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది లేచి నిలబడిన చోట పాయింటు పెడతాడు. రాత్రికి రాత్రి బోరు బండి దిగుతుంది. వందల అడుగులు పోయినా తెల్లటి రాతి దుమ్మే. ‘ఇంకా దింపేదా?’ అని బండివాడు అడుగుతాడు. అడుగడుక్కీ అప్పు పెరుగుతుంటుంది. చుట్టూ చేరినవాళ్లు మాత్రం ‘ఇంగొంచెం పోనీప్పా’ అంటుంటారు. గొల్లపల్లి షూటింగు అచ్చం అట్లాగే సాగుతుంది. చుట్టూ చేరిన జనంతో సహా.

పైగా సినిమా వల్ల ఊరికి మేలు జరుగుతుందనుకోవడం ఈ పక్క మరీ వింత కాదు. హిందూపురం 1985, 1989, 1994ల్లో ఎన్టీఆర్‌ను గెలిపించింది. ఆయన కొడుకు, ఆ సమరసింహారెడ్డి హీరో బాలకృష్ణను 2014 నుంచి వరసగా మూడుసార్లు గెలిపించింది. తెర మీది మొహానికి ఓటేసే చోట, ఆ మొహం మన కటింగ్ షాపువాడిది ఎందుకు కాకూడదని ఒక ఆటో డ్రైవరుకు తోస్తే తప్పేముంది? ఊరు బాగుపడాలంటే అర్జీ పెట్టుకోవాలి గానీ సినిమా తీయడమేంటని మనం నవ్వుతాం. అర్జీలు పెట్టుకున్నవాళ్లు నవ్వరు.

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది, నవ్వును ఎక్కడ పుట్టించాడన్నది. మన సినిమాల్లో సీమ మాట వినిపించిందంటే అయితే తొడగొట్టడానికి, కాకపోతే వెక్కిరించడానికి. ఇక్కడ ఊరంతా ఒకే మాట, అందులో కాస్త కన్నడం. అందరిదీ అదే అయినప్పుడు యాస జోకు కాదు. నవ్వంతా చేతకాని పనిని ప్రాణం పెట్టి చేయడంలో ఉంది. ఎవరి మాటా పడని మంగ ముందు మరిడేశ్ బాబు హీరోయిజం నిలబడదు, అదీ ఉంది. తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి.రెడ్డి షూటింగుకు ముందే ఏ సీను ఎంతసేపో గడియారం పెట్టి లెక్కగట్టేవారని చెప్పుకుంటారు. వీరబాబు జట్టును చూస్తే ఆయన తల పట్టుకునేవారు, ఆ తర్వాత తప్పక నవ్వేవారు.

నిర్మాతలు రాజ్, డీకే. ఒకరిది తిరుపతి, ఒకరిది చిత్తూరు. ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ, ఏ సినిమా బడికీ పోకుండా సొంతంగా నేర్చుకున్నవాళ్లు. గొల్లపల్లి తిప్పలు వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

లోపాలు లేవనను. కెమెరా పోగొట్టుకున్న అమ్మాయి కష్టాన్ని మధ్యమధ్య చూపించినా, దొరికిన వస్తువును వాడేసుకున్న సంగతిని సినిమా చాలా సులువుగా క్షమించేసింది. కరువు కూడా మాటల్లోనే ఎక్కువ, కంటికి తక్కువ.

నా అసలు ఫిర్యాదు వేరే. మహారాష్ట్రలోని మాలేగావ్ మరమగ్గాల ఊరు. అక్కడ నాసిర్ షేక్ అనే ఆయన, తోటివాళ్లను పోగేసి షోలేకు, సూపర్‌మ్యాన్‌కు సొంత నకళ్లు తీశాడు. ఆయన మీద ముందు డాక్యుమెంటరీ వచ్చింది, 2025లో రీమా కాగ్తీ సినిమా వచ్చింది. అయితే నాసిర్ తీసినవి మొదట చూసింది మాలేగావ్. మగ్గం పని చేసేవాళ్లే టికెట్టు కొని చూశారు. మన సినిమా బండి మాత్రం కరోనా రెండో అల నాడు థియేటర్లన్నీ మూతపడి ఉండగా నెట్‌ఫ్లిక్స్‌లో దిగింది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ సరిహద్దులోని రొళ్లలోనో, అమరాపురంలోనో ఆటోస్టాండు దగ్గర నిలబడి, నెలనెలా ఆ చందా కట్టేవాళ్లు ఎందరున్నారో అడిగి చూడండి.

గంటన్నర దాటి కొద్ది నిమిషాల సినిమా. పంచాయతీ ఆఫీసు గోడకు తెల్లగుడ్డ కట్టి, ఒక ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు పెడితే ఊరంతా చూస్తుంది. దానికి హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. అర్జీ ఏ అడ్రసుకు పెట్టుకోవాలో రాజ్, డీకే చెబితే చాలు, సంతకాలు పోగుచేసే పని నేను చూసుకుంటాను.