కొండకెక్కిన ఊరు

మొన్న జర్మనీలో మా శిష్యుడు నన్నో కొండెక్కించాడు. యూలిష్ పట్టణం పక్కనున్న ఆ జోఫీయన్‌హోయె దేవుడు చేసిన కొండ కాదు లెండి. హంబాఖ్ బొగ్గుగనిలో 1978 నుంచి తవ్విన మన్ను పోసి, మొక్కలు నాటగా, చుట్టుపక్కల పొలాలకన్న సుమారు 200 మీటర్ల ఎత్తు లేచిన అడవి. సింగరేణి మట్టిగుట్టలు చూసిన కళ్ళకు ఓ పట్టాన నమ్మకం కుదరలేదు. కుర్రకారు సైకిళ్ళమీద, ముసలివాళ్ళు చేతికర్రలతో హాయిగా షికారు చేస్తున్నారు. నేనూ ఆయాసపడుతూనే శిఖరం చేరి పులిహోర పొట్లం విప్పాను.

"ఈ శిఖరానికి పేరుందటోయ్?"

"ష్టైన్‌ష్ట్రాస్ గట్టు, మాస్టారూ. గనికోసం ఖాళీ చేయించిన ఊరి పేరు."

1980లలో ఆ ఊరివాళ్ళు యూలిష్‌లో కొత్త ఇళ్ళు కట్టుకున్నారట. పాతపేరు అక్కడికీ తీసుకుపోయారట.

"ఆదివారాలు వాళ్ళూ వస్తారా ఇక్కడికి?"

"వచ్చినా మనకెలా తెలుస్తుంది, మాస్టారూ!"

ఎదురుపడిన ముసలాయనకు నమస్కారం పెట్టాను. టోపీ తీసి నవ్వి, దిగిపోయాడు.